అల్మారా తలుపు మీది మాటలు

జనార్దనయ్యకు ఒక విషయం మీద ఒకే అభిప్రాయం ఆరు నెలలు నిలిచిందంటే, ఆ విషయం గురించి ఆయన్ను ఎవరూ అడగలేదని అర్థం. ఏ ఎండకా గొడుగు పట్టడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. పార్టీ ఆయన్ను టీవీ చర్చలకు అధికార ప్రతినిధిని చేసింది, టికెట్టు మాత్రం ప్రతిసారీ ఇంకొకరికి ఇచ్చింది. ఆత్మకూరు బస్టాండు వెనక ఆఫీసులో సెల్‌ఫోను స్టాండుకు తగిలించి, హైదరాబాదు టీవీల వాళ్లతో మాట్లాడేవాడు. ఫోను వెనక ఒక ఇనుప అల్మారా. దాని తలుపు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసిన కాగితాలు అంటించి ఉండేవి. ఆయన వాటిని చదువుతుంటే, చూసేవాళ్లకు గుండెలోంచి మాట్లాడుతున్నట్టే ఉండేది.

ఆ కాగితాలు రాసేది ఆయన పీఏ పెంచలప్రసాద్. పదకొండేళ్లుగా అదే పని. ప్రసాద్‌కు ఒక అలవాటుంది. ఎక్కడ మంచి మాట చెవిన పడినా తెచ్చి ఉపన్యాసంలో పెట్టేస్తాడు. టీ అంగడి మాట, పొలంలో మాట, ఇంట్లో మాట, ఏదైనా సరే. జనార్దనయ్య మాటల్లో మట్టి వాసన ఉందని యాంకర్లు మెచ్చుకునేవాళ్లు. ఆ మట్టి ఎవరిదో ఎవరూ అడగలేదు.

శనివారం వస్తే ప్రసాద్ గదికి గఫార్ వచ్చేవాడు. ఉదయగిరిలో చెక్క చెంచాలు, ఫోర్కులు చెక్కే కుటుంబం వాళ్లది. నెల్లూరు దుకాణంలో సరుకు వేసి, తిరుగు బస్సులో ఆత్మకూరులో దిగి, ఆదివారం ఇంటికి పోయేవాడు. "నీ స్నేహితుడు బంగారంలాంటి పిల్లోడయ్యా" అనేది గది అద్దెకిచ్చిన కామాక్షమ్మ. వాళ్లిద్దరూ ఉత్త స్నేహితులు కారనీ, ఒకరి మీద ఒకరు ప్రాణం పెట్టుకున్నారనీ ఈ భూమ్మీద తెలిసింది ఆ ఇద్దరికే. ఆఫీసులో తెలిస్తే జనార్దనయ్య మెడ పట్టి గెంటుతాడని ప్రసాద్ భయం. నిద్రలో కూడా ఆ భయం అతన్ని వదిలేది కాదు.

2018లో, మగవాళ్లూ మగవాళ్లూ కలిసుండటం నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రోజు సాయంత్రమే చర్చ పెట్టారు.

"మనం ఏం చెప్పాలన్నా?" అని అడిగాడు ప్రసాద్.

"యాంకర్లంతా సంతోషంగా ఉండారు. మనం గూడా సంతోషమేనని రాయి" అన్నాడు జనార్దనయ్య.

ప్రసాద్ ఆ రోజు నాలుగు కాగితాలు చింపి మళ్లీ రాశాడు. గఫార్ పనిచేసుకుంటూ అనే మాట గుర్తొచ్చి, అదీ పెట్టాడు. జనార్దనయ్య కెమెరా వంక చూసి గంభీరంగా చదివాడు: "చెక్కలో గీత ఎటు పోతే ఉలి అటే పోవాలని మా ఉదయగిరి పనివాళ్లు చెబుతారు. ఎదురు పోతే చెంచా విరుగుతుంది. మనిషీ అంతే."

ఆ వీడియో గఫార్ ఫోనులో ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. ఆ ధైర్యంతోనే అతను తల్లి జైతూన్‌బీ తెచ్చిన రెండు సంబంధాలు కాదన్నాడు. "మీ పెద్దాయన నోట్లో నా మాట పెట్టినావు గదరా" అని నవ్వాడు ప్రసాద్‌తో. అంత సంతోషంగా గఫార్ నవ్వడం ప్రసాద్ మళ్లీ చూడలేదు.

2023 ఎండాకాలంలో అదే కోర్టులో పెళ్లిళ్ల కేసు నడిచింది. మగవాళ్లిద్దరు, ఆడవాళ్లిద్దరు చట్టప్రకారం పెళ్లి చేసుకోవచ్చా అని వాదనలు. ఎన్నికలు దగ్గరికొస్తున్నాయి, టికెట్టు మీద ఆశ మళ్లీ చిగురించింది. పల్లెల నుంచి పెద్దమనుషులు వచ్చి, ఇదేం పిదపకాలమని జనార్దనయ్య దగ్గర బాధపడి పోయారు.

"ఓట్లు పల్లెల్లో ఉండాయి ప్రసాదూ, కోర్టులో లేవు. గట్టిగా తిట్టి రాయి. మన పక్క మాట ఒకటి తగిలించు" అన్నాడు జనార్దనయ్య.

ఆ రోజు శనివారం. గదిలో గఫార్ అన్నం ముందు కూర్చుని, చెయ్యి పెట్టకుండా అన్నాడు.

"ఈ ఒక్కటీ రాయబాక. జ్వరమని చెప్పు, ఎవురన్నా రాసుకోనీ. ఏఎస్ పేట పిల్లని చూసి పెట్టుండాది అమ్మ. శుక్రవారం జవాబు చెప్పాల. లేదని చెప్పేసి, ఇంక నీ దగ్గిరికే వచ్చేస్తా. ఇక్కడే పని చూసుకుంటా."

"ఉత్త మాటలేరా. ఆయన ఈ పొద్దు ఒకటంటాడు, రేపు ఇంకోటంటాడు. ఆ మాత్రానికి జ్వరం ఎందుకు?"

"ఆయన అనేదానితో నాకేం పని? రాసేది నువ్వు గదా."

ప్రసాద్ ఆఫీసుకు పోయాడు. రానంటే ఎందుకని అడుగుతారు, అడిగితే ఏం చెప్పాలి? జ్వరమని ఒక్క అబద్ధం ఆడలేని ఆ మహానుభావుడు ఇరవై నిమిషాల్లో మూడు కాగితాల అబద్ధాలు రాశాడు. ఒక్క కాగితమూ చింపలేదు. మన పక్క మాట కావాలన్నాడు కదా పెద్దాయన. తడుముకోకుండా ఒకటి దొరికింది. అల్మారా తలుపుకు అంటించాడు. జనార్దనయ్య వేలు ఆడిస్తూ చదివాడు: "వంకర కట్టెను మా ఉదయగిరి వాళ్లు చెంచా చెయ్యరు. పొయ్యిలో పెడతారు!"

చర్చ అయిన కాసేపటికి గఫార్ ఫోన్ చేశాడు. వెనక బస్సు హారన్లు వినిపిస్తున్నాయి.

"పొయ్యిలో కట్టె మాట నాది. నీ పక్కన కూచోని అన్నం తింటా చెప్పినాను, కట్టెల గురించి. నా మీదికే తిప్పినావు."

ప్రసాద్ అల్మారా తలుపు మీది కాగితాలు ఒక్కొక్కటే పీకాడు.

"అమ్మకి సరేనని చెప్తా ఉండా" అని గఫార్ ఫోను పెట్టేశాడు.

నిఖా ఏఎస్ పేటలో జరిగింది. పెళ్లికూతురు పేరు తమన్నా. ప్రసాద్ వెళ్లాడు. ఏడుపు వస్తుందేమోనని జేబులో రుమాలు పెట్టుకుపోయాడు, రాలేదు. బిర్యానీలో ఉప్పు తగ్గిందని కూడా తెలిసింది. మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వచ్చి, కరెంటు కోతల మీద కాగితం రాశాడు. అప్పటినుంచీ మనిషి మొత్తం తిమ్మిరెక్కిన కాలు లాగే ఉన్నాడు. నొప్పి లేదు, నడకా ఆగలేదు. శనివారాలు గదిలో ఒక్కడే వండుకుని తింటాడు. పెళ్లిళ్లకు చట్టం ఒప్పుకోదని ఆ ఏడాది చివర్లో కోర్టు చెప్పినప్పుడు జనార్దనయ్య స్వీట్లు పంచమంటే, డబ్బా పట్టుకుని పంచింది కూడా అతనే.

టికెట్టు మళ్లీ రాలేదు. ఎన్నికలు అయిపోయాయి. నిరుడు పార్టీలో పైనంతా మారిపోయి, కొత్తగా చదువుకున్న కుర్రకారు వచ్చారు. అన్ని రకాల మనుషులనూ కలుపుకుపోవాలని, ప్రతి నాయకుడూ తన ప్రాంతంలో సభ పెట్టాలని ఢిల్లీ నుంచి కబురొచ్చింది. రాష్ట్ర కమిటీలో రెండు ఖాళీలున్నాయని కూడా జనార్దనయ్యకు తెలిసింది.

"ప్రసాదూ, ఇప్పుడు మనం ఆ పెళ్లిళ్ల కేసు వాళ్ల పక్షంరా. పెళ్లి గూడా వాళ్ల హక్కే. మొదట్నుంచీ నా మాట అదేనని రాయి" అన్నాడు, ఫోనులోంచి తల ఎత్తకుండా. "ఉదయగిరిలో సభ పెడదాం. మన పక్క అట్టాటి జంట ఎవురన్నా ఉంటే చూడు. స్టేజీ ఎక్కించి, నా చేత్తో శాలువా కప్పుతా. ఫోటో ఢిల్లీ దాకా పోతాది."

ప్రసాద్ నిలబడ్డచోటే ఉన్నాడు. లేరన్నా అని చెప్పబోయాడు. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఉండినారన్నా."

"ఏ ఊరు?"

"ఒకాయనది ఉదయగిరి. నిఖా అయిపోయింది. బిడ్డ గూడా పుట్టింది."

"రెండో ఆయన?"

"నేనే."

జనార్దనయ్య తల ఎత్తాడు. ప్రసాద్‌ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. కోపం లేదు, అసహ్యం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. బజారులో జత చెప్పుల్లో ఒక్కటే దొరికితే ఎవరైనా చూసేట్టు చూశాడు.

"ఒక్కడివే అయితే ఏం జేసుకుంటాంరా? జంట గావాల" అని మళ్లీ ఫోనులోకి తల దించాడు. "సరేలే, శాలువా సంగతి తీసేసి, ఊరికే ఉపన్యాసం రాయి."

ఇన్నేళ్లూ ప్రసాద్ భయపడింది ఈ చూపుకే. దీనికి భయపడే ఆ రోజు గఫార్‌ను పోగొట్టుకున్నాడు. తీరా చూస్తే ఇందులో ఏమీ లేదు. జ్వరమని చెప్పి ఉంటే సరిపోయేది. నేనే అని చెప్పి ఉన్నా ఇంతే అయ్యేది.

"నిలబడతావేంది, రాయి" అన్నాడు జనార్దనయ్య.

ప్రసాద్ కూర్చుని రాశాడు.