మేజరు సంతకం

ఆ మేజరును తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది. ముగ్గురి పని ఒక్కడితో చేయిస్తాడు. ఎండలో గుక్కెడు నీళ్లకు ఆగితే పదిమంది ముందు బూతులు. సైన్యంలో పన్నెండేళ్లు చేశాను, ఇక చాలనుకుని ఉద్యోగం వదిలేస్తానని అర్జీ రాశాను. దాని మీద ఆయన సంతకమే కావాలి. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ కాగితం మొహాన విసిరికొట్టాడు.

అర్జీ జేబులో పెట్టుకుని సెలవు మీద కణేకల్ దగ్గరున్న మా ఊరికొచ్చాను. చేలో వేరుశనగ పీకుడుకొచ్చింది. వాన పడి మూడు రోజులైంది. పదును ఆరితే మట్టి బిగిసి, చెట్టు చేతికొచ్చినా కాయలు నేలలోనే తెగిపోతాయి. మా నాయన తిప్పయ్య ఎనిమిదిమంది ఆడకూలీలను పిలిచాడు. మొదటిరోజు వాళ్లతో పాటు పీకుతూ మేజరు సంగతంతా చెప్పుకున్నాను.

"వాని నోరు పడిపోను! అట్లాంటోని కింద ఎవరు చేస్తారప్పా? ఇడ్సిపెట్టు" అంది కూలీల పెద్ద సుంకమ్మ. నా బాధ తెలిసిన మనిషి దొరికిందని సంతోషించాను.

రెండోరోజు పొద్దున మేజరు ఫోన్ చేశాడు. సెలవు రద్దు, ఎల్లుండికల్లా వచ్చి తీరాలట. నా మాట వినకుండానే పెట్టేశాడు. తలెత్తి చూస్తే కూలీలు గట్టున కూర్చుని ఆకువక్క వేసుకుంటున్నారు. సాలు చివరికి రాగానే అలా కాసేపు కూర్చోవడం వాళ్ల అలవాటని నాకు తెలుసు.

"ఏం, పెండ్లికొచ్చినారా? లేయండి!" అని అరిచి సుంకమ్మ సంచిని తన్నాను. ఆకులు మట్టిలో పడ్డాయి. నీళ్లబిందె తీసి దూరంగా పెట్టాను. "పది సాళ్లు అయ్యేదాకా ఎవరూ నీళ్లు ముట్టొద్దు."

"ఏమ్రా తిప్పేషా, వద్దురా" అన్నాడు నాయన.

"నువ్వుండు నాయనా. పని చేయించేది నాకు తెలుసు."

సుంకమ్మ ఆకులు ఏరుకుని, దులుపుకుని, సంచి చంకన పెట్టుకుంది. మిగతా వాళ్లూ లేచారు.

"యాడికి పోతాండారు? పనుండాది!"

"నువ్వు ఇడ్సేకి మీ మేజరు సంతకం కావల్ల గదప్పా" అంది సుంకమ్మ వెనక్కి తిరగకుండానే. "మాకు నీ సంతకం అక్కర్లేదు."

ఎనిమిదిమందీ గట్టు దాటి వెళ్లిపోయారు. నేనూ నాయనా పీకుతూ ఉండిపోయాం. సాయంత్రానికి మట్టి బిగిసింది. నా చేతిలో చెట్టు ఒక్క కాయ లేకుండా ఊడొచ్చింది.

నాయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"పీకు మేజరూ" అన్నాడు.