నలభై రెండో పేజీ

"టైపు కొట్టినోళ్ళ పేర్లు గూడ ఏస్తరా పుస్తకం మీద?" అన్నాడు దేవిదాస్, చపాతీ తుంచుకుంటూ.

అట్ట మీద తన పేరేదని అడిగిన ప్రేమల పెనం మీది చపాతీ తిప్పింది. రెండేళ్ళు, అంట్లు తోమి అత్తమ్మకు చాయ్ ఇచ్చాక మిగిలిన ప్రతి మధ్యాహ్నమూ కూర్చుని, కంప్యూటర్ విద్యార్థుల కోసం ఆ ప్రోగ్రాంల పుస్తకం రాసింది ఆమె. బాన్సువాడలోని ప్రైవేటు కాలేజీలో పాఠం చెప్పేది భర్త. అట్ట మీద అచ్చయిన పేరు ఆయనది. కాలేజీ యజమాని ముత్తెన్న ఆయనకు శాలువా కప్పాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చిన సార్లకు మిర్చీలు వడ్డిస్తుంటే, "అదృష్టవంతురాలివమ్మా" అన్నాడొకాయన. "నా కొడుకు కండ్లు పోయేటట్టు రాసిండు" అంది అత్త గంగుబాయి. కొడుకు ఆ రెండేళ్ళూ క్రికెట్ చూడటం ఆమె చూడలేదా? చూసింది. ప్రేమలకు ఏడుపు రాలేదు. ఆయనకు దెబ్బ తగలాలి, ఆ దెబ్బ కాలేజీ పిల్లల ముందు తగలాలి అనుకుంది.

కాలేజీ విద్యార్థులు ఇంటర్నెట్‌లో రాసుకునే చర్చా పేజీ ఒకటుంది. తయారు చేసింది ఆమె, పెత్తనం దేవిదాస్‌ది. రాసినవాళ్ళ నెట్ అడ్రస్ పక్కనే కనిపించేలా పెట్టించాడు, సార్లను వెక్కిరించేవాళ్ళను పట్టుకోవడానికి. ఇంటి నుంచి ఒక్క ముక్క రాసినా దొరికిపోతుంది. అందుకే టోర్ తెచ్చుకుంది. మన రాతను పరాయి దేశాల కంప్యూటర్ల మీదుగా తిప్పి, అసలు అడ్రస్ దాచే సాఫ్ట్‌వేర్ అది. ఆ రోజుల నత్తనడక నెట్ మీద అది డౌన్‌లోడ్ కావడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది.

ఇంటి కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ పెట్టింది కూడా తనే. తొందరలో మొదటిసారి టోర్‌ను రూట్‌గా, అంటే కంప్యూటర్ మొత్తం మీద పెత్తనముండే పేరుతో నడిపింది. నడిచింది. మర్నాడు పద్ధతి ప్రకారం టోర్‌కు కేటాయించిన సొంత పేరుతో నడపబోతే "అనుమతి లేదు" అని ఆగిపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ అదే. జరిగిందంతా నమోదయ్యే లాగ్ తెరిచి వరుసగా చదివింది. నిన్న టోర్ ఫైళ్ళ కోసం తయారైన ఫోల్డరంతా రూట్ పేరు మీద పడింది. టోర్ తన ఫైళ్ళు తానే తాకలేకపోతోంది. విసుగొచ్చి ఆ ఫోల్డర్‌ను అందరికీ తెరిచేసింది. అప్పుడింకో పేచీ: ఎవరు పడితే వాళ్ళు చూడగలిగే ఫోల్డర్‌తో నేను నడవనంది టోర్. ప్రేమలకు నవ్వొచ్చింది, చాలా రోజుల తర్వాత.

"ఏందే, ఒక్కదానివే నవ్వుతున్నవ్?" అంది వసారాలోంచి గంగుబాయి.

"ఒకళ్ళ సొమ్ము ఇంకొకళ్ళ పేరు మీద పడ్డదత్తమ్మా. మార్పిస్తున్న."

"మార్పియ్యి గని, ముందుగాల బియ్యం ఏరు."

బియ్యం ఏరింది. తర్వాత ఫోల్డర్‌ను టోర్ పేరు మీదికి మార్చి, మిగతా అందరికీ మూసేసింది. ఈసారి లాగ్‌లో ఏ తప్పూ లేదు.

సోమవారం చర్చా పేజీలో పేరు లేకుండా ఒక ప్రశ్న వచ్చింది: "నలభై రెండో పేజీ ప్రోగ్రాంలో అంకెలను అన్ని ప్రోగ్రాంలలోలా సున్నా గది నుంచి కాకుండా ఒకటో గది నుంచి ఎందుకు పేర్చారు?" రవళి అనే అమ్మాయి దాన్ని క్లాసులోనే అడిగింది. దేవిదాస్ అచ్చుతప్పన్నాడు. అచ్చుతప్పయితే ప్రోగ్రాం సరిగ్గా ఎట్ల నడుస్తుంది సార్ అందా పిల్ల. తర్వాతి సోమవారం ఇంకో ప్రశ్న, ఆపై వారం ఇంకోటి. పిల్లలు వాటి కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. దేవిదాస్‌కు అన్నం సయించడం లేదు.

"అడ్రస్ చూస్తే ఓసారి జర్మనీ, ఓసారి స్వీడన్ అంటుంది. గక్కడున్నోనికి నాతోని ఏం పగ?" అన్నాడు.

"ఏమో."

"గా జవాబులన్న చెప్పు. ముత్తెన్న సార్ రేపు పిలిచిండు, అందరి ముందట అడుగుతడట."

"నాకేమెరుక? నేను టైపే కొట్టిన గద."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. అక్కడ ఏమీ దొరకలేదు.

మర్నాడు పదకొండింటికి, ఆయన ముత్తెన్న గదిలో నిలబడి ఉంటాడనుకున్న వేళకు, ప్రేమల టోర్ ఆపేసింది. మామూలు లైను మీదనే చర్చా పేజీ తెరిచి మొదటి ప్రశ్న కింద రాసింది: "వెతకాల్సిన అంకెను సున్నా గదిలో పెట్టుకుంటాం. చివరి నుంచి వెనక్కి వెతుక్కుంటూ వస్తే అది ఎలాగూ దొరుకుతుంది కాబట్టి జాబితా అయిపోయిందా అని ప్రతిసారీ చూడనక్కర్లేదు." మిగతా ప్రశ్నలన్నిటికీ అలాగే రాసి, ప్రతి జవాబు కింద తన పేరు పెట్టింది.

పావుగంటకు ఫోన్ మోగింది. దేవిదాస్ గొంతు బాగా తగ్గించాడు. వెనక ఎవరో మాట్లాడుతున్నారు.

"ప్రేమలా, ఎవరో నీ పేరు పెట్టి జవాబులు రాసిన్రు. అడ్రస్ మనింటిది చూపిస్తుంది. ముత్తెన్న సార్ అడుగుతుండు. ఇంట్ల ఎవరున్నరు?"

"పుస్తకం రాసినామె ఉన్నది," అంది ప్రేమల. "ఫోన్ సార్‌కియ్యి."