గ్రాఫులో తెగిన ఎండకాలం

మా ఆయన భూపాల్ సంగతి చెప్పుకుంటూ పోతే బస్సు ఇబ్రహీంపట్నంలో బయలుదేరి నగరం చేరినా ఒడవదు. చారులో ఉప్పెక్కువైతే తప్పు నాది. కంప్యూటర్లో తను ఏదన్నా చెడగొడితే తప్పు కరెంటుది.

వెంచర్లకు ప్లాట్ల పటాలు గీసే ఆఫీసులో ఆయన పని. చుట్టూ ఎకరాలన్నీ ప్లాట్లవుతున్న ఆ ఏడు, ఆయన అన్న, మా బావ ఐలేష్ మాత్రం యాసంగి వరి పెడతానన్నాడు. "బోరు ఆగుతదా తమ్మీ?" అని అడిగాడు. ఈయన ఆ బోరు పక్కన సర్కారు వాళ్లు కొలిచే నీటిమట్టం లెక్కలు తెచ్చి గ్రాఫ్ గీశాడు. నేల పైన, లోతు కింద కనబడాలని నిలువు కొలతను తలకిందులు చేశాడు. ప్రతి ఎండకాలం దగ్గరా గీత తెగిపోయింది.

"గప్పుడు కొలువలే" అన్నాడు.

కొబ్బరికాయతో నీళ్లు చూసే బాలస్వామి కూడా సరేనన్నాడు. అరచేతిలో కాయ లేచి నిలబడింది, కాగితం మీద గ్రాఫూ నిలబడింది. బావ నాట్లేశాడు.

వరి పొట్ట మీదున్నప్పుడు మోటారు గాలి కక్కింది.

ఆ పొద్దున బావ మా గడప మీద కూర్చుని, ఇచ్చిన చాయ్ ముట్టలేదు.

"మోటార్ల కిరికిరి అన్నా. ఇంకిన్ని పైపులు దింపు" అన్నాడీయన.

"దింపిన తమ్మీ. బురద గూడ వస్తలేదు."

ఈయన గ్రాఫ్ తెరిచాడు. కింద జాగా పెంచుదామని 'మినిమమ్' గడిలో మైనస్ యాభై కొట్టాడు. జాగా పైన పెరిగింది.

బావ ముందర నోరెత్తకూడదన్న మర్యాదను పొయ్యి దగ్గరే వదిలి వచ్చాను. "మంచిగుంది. నేల మీద యాభై అడుగుల ఆకాశం తెచ్చినవ్. నీళ్లు గాల్లో ఉన్నయేమో చూడు."

"సాఫ్ట్‌వేర్ల గడబడుంది మంజులా, నీకు తెల్వదు."

"తలకిందులు చేసినంక కింది అంచు 'మాక్సిమమ్' అయితది. అండ్ల రెండొందలు ఇచ్చినవ్. అంతకంటె లోతున్నదంతా కోసేసింది. జరుగు జర."

మూడొందలు కొట్టాను. గీత అతుక్కుంది. ఎండకాలాలన్నీ ఉన్నాయి, ఏటికేడు మరింత లోతుకు జారుతూ.

బావ ఆ గీత మీద వేలు పెట్టి కిందిదాకా జరిపాడు. "నాట్లకు ముందే గిది ఉండెనా?"

"లెక్కలల్ల ఉండె బావా. బొమ్మల లేకుండె."

"ఆ బాలస్వామి గూడ…" అని ఈయన మొదలుపెట్టాడు.

"ఆయన కాయను నమ్మిండు. నేను నిన్ను నమ్మిన." బావ లేచి చెప్పులేసుకున్నాడు. "ఇయ్యాల బర్లను పొలంల ఇడుస్త. పచ్చగున్నప్పుడన్న మేస్తయి."

ఈయన గేటు దాకా వెనకాలే పోయాడు. ఇక కరెంటును తిడతాడనుకున్నాను.

"అన్నా," అన్నాడు. "తప్పు నాదే. కొలువలే అని ఊకెనే అన్న. ఆ లెక్కలు నేను చూడనే లే."