రాదివోయ్ తీసేసిన మైనస్

రాదివోయ్ స్టేజి మీద పెద్ద తెరపై పళ్ళచక్రాలు తిప్పి చూపిస్తున్నాడు. సెర్బియాలోని నోవీ సాద్ ఎగ్జిబిషన్ హాల్లో ఫ్యాక్టరీల వాళ్ళంతా కళ్ళప్పగించి చూస్తున్నారు. నేను మొదటి వరసలో కూర్చుని బురెక్ రొట్టె తింటున్నాను.

"ఈ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి లైనూ నా చేత్తో రాసిందే," అన్నాడు మైకులో.

పచ్చి అబద్ధం. ఆ లైబ్రరీ నాది. గొట్టం, రింగు, గోళం లాంటి ఆకారాలను కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చెప్పే కోడ్ అది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చని బయట పెట్టాను. ఫైళ్ళ మీద నా పేరు మాత్రం చెరపకూడదు. మా ప్రోగ్రామర్లలో ఆ ఒక్క షరతు మీరినవాణ్ణి దొంగ అంటాం. నా పక్క కుర్చీలో పనిచేసిన రాదివోయ్ నా పేరు చెరిపి తనది పెట్టుకున్నాడు. నా పేరు నాకు కావాలి. అదీ అతని చేత్తోనే.

చెయ్యెత్తాను.

"రాదివోయ్ గారూ, ఒక రింగు గీయండి. మధ్య రంధ్రం పూర్తిగా మూసేసి, ఘనపరిమాణం చూపించండి."

నన్ను చూసి తడబడ్డాడు. అయినా గీశాడు. తెర మీద అంకె ముందు మైనస్ వచ్చింది. రంధ్రం మూసుకున్న రింగు దగ్గర మాత్రమే గుర్తు తిరగబడుతుంది; అది నేను సరిచేయకుండా వదిలేసిన లోపం.

"ఖాళీ కంటే తక్కువా?" పంపుల ఫ్యాక్టరీ యజమానురాలు హ్రిబార్ నవ్వింది. "అయితే ఇది పోతపోస్తే మాకే ఇనుము ఎదురొస్తుందా బాబూ?"

హాలంతా గొల్లుమంది.

"చిన్న పొరపాటండీ, ఇప్పుడే సరిచేస్తా." కోడ్ తెరిచి వెతికాడు. లెక్క చివర ఒంటరిగా ఒక మైనస్ గుర్తు. నా వైపు చూశాడు.

"తీసెయ్, ఏమవుతుంది?" అన్నాను.

తీసేశాడు. రింగు సరిపోయింది. చప్పట్లు.

నాది ఎడమచేతివాటం. లోకమంతా ఆకారాల మూలలను ఎడమకు తిరుగుతూ లెక్కపెడితే నేను మొదటి నుంచీ కుడికి లెక్కపెట్టాను. అలా లెక్కిస్తే ప్రతి ఘనపరిమాణమూ తలకిందులై మైనస్‌లో వస్తుంది; దాన్ని సరిచేసేది లెక్క చివరి ఆ మైనస్ ఒక్కటే. రాసినవాళ్ళెవరూ దాని జోలికి పోరు.

"ఇప్పుడు మా పంపు డిజైన్ తెరువు," అంది హ్రిబార్.

పంపు మైనస్. గొట్టం మైనస్. ఆఖరికి గోళం కూడా మైనస్.

రాదివోయ్ చెమటలు కక్కుతూ స్టేజి అంచు నుంచి నా మీదకి వంగాడు. "నువ్వు రాసిన చెత్తకి నన్ను బలిపెడతావా, దెసాంకా!"

కాలరుకున్న మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. హాలంతా విన్నది.

"ఎవరు రాసిందీ?" హ్రిబార్ లేచి నిలబడింది. "అమ్మాయీ, దీన్ని బాగుచేయగలవా?"

"చేస్తానండీ. ముందు ఈయన ప్రతి ఫైలు పైనా రాసినవాళ్ళ పేరు టైపు చేయాలి. ఇక్కడే, మీ అందరి ముందు."

రాదివోయ్ కుర్చీలో కూలబడ్డాడు. మొదటి ఫైలు తెరిచాడు. నేను కాఫీ తెప్పించుకున్నాను. ఇంకా చాలా ఫైళ్ళున్నాయి.