వేపాకు ముద్ద

రాయి కదలకుండా ఎడమకాలి మడమతో అదిమిపట్టి సుత్తె దించింది మైసమ్మ. రాయి రెండు చెక్కలైంది. ఆ చెక్కల్ని మళ్లీ కొట్టింది. కొత్తకోట సడక్ వెడల్పు చేస్తున్నారు. కంకర ఎంత కుప్పపోసినా మేస్త్రీ కంటికి ఆనదు. కనుబొమల మీద, మెడకింది గుంటల్లో తెల్లటి రాతిదుమ్ము పేరుకొని, ముప్పై నిండని మనిషి ముసలిదానిలా ఉంది.

వెనక తుమ్మకొమ్మకు కట్టిన పాతచీర తొట్టెలో జంగడు మూలుగుతున్నాడు. ఏడాది నిండలేదు. మొన్నటిదాకా ఏడ్చేవాడు. ఇప్పుడు దానికీ బలం లేదు.

వాడు కడుపులో ఉండగానే పెనిమిటి పెద్దులు ఏదో డ్యాం పనికి గుంపుతో పోయాడు. మనిషీ రాలేదు, కబురూ రాలేదు. ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలు. కుండలో జొన్న గటక అంతంతే. పాలిచ్చే తల్లి రెండు ముద్దలు ఎక్కువ తినాలి. ఆ రెండు ముద్దలూ పెద్దపిల్లల నోటి దగ్గరివి. అట్లాంటప్పుడు ఊళ్లో బాలవాడి తెరిచారు. చిన్నపిల్లలకు సర్కారు పాలపొడి. గిలాస తెచ్చుకుంటే కలిపి పోస్తారు.

పాలు సర్కారే పోస్తుంటే తన పాలు దేనికి? మైసమ్మ వేపాకు నూరి, ఆ ముద్ద రొమ్ములకు పట్టించింది. తల్లి తనకు పాలు మాన్పించిందీ అట్లాగే. జంగడు చేదుకు మొహం చిట్లించి, గుక్కపట్టి ఏడ్చి ఏడ్చి, చివరికి గిలాసకు అలవాటు పడ్డాడు. ఆమె వంతు గటక పిల్లల కడుపుల్లోకి పోయింది. ఇల్లు గడిచే ఉపాయం దొరికిందని మురిసిపోయింది పిచ్చిది. బీదవాడు సర్కారును నమ్ముకొని ఉపాయం పన్నితే ఏమవుతుంది? జొన్నకోతల నాటికి పాలపొడి ఆగిపోయింది. రొమ్ములు అంతకుముందే ఇంకిపోయాయి.

పొద్దు నడినెత్తికి రాగానే పిల్లవాణ్ని చంకనేసుకొని, సత్తు గిలాస పట్టుకొని బాలవాడికి నడిచింది. పంతులమ్మ నిర్మలమ్మ గడపలోనే ఎదురైంది.

"మల్ల వచ్చినవా? లారీ రాలేదే మైసమ్మా. వస్తే కబురు చేస్త అన్న గద."

"డబ్బల అడుగున జరంత ఉంటదేమో సూడుండ్రి పంతులమ్మా. పోరడు నీళ్లు గుడ తాగుత లేడు."

"గీకిందంత ఎప్పుడో అయిపాయె. ముందుగాల దవాఖానకు తీస్కపో."

"గీ పూట కూలి పోతది గదమ్మా. రేపు పోత."

తిరిగి వచ్చేసరికి పక్క కుప్ప దగ్గర బీరమ్మ సుత్తె ఆపి చూసింది. పెద్ద మనిషి, నోరు ఊరుకోదు.

"రొమ్ము పట్టియ్యరాదే! చప్పరిస్తుంటే పాలు అవ్వే దిగుతయి."

"పట్టిచ్చిన అత్తా. కడుక్కోని, బెల్లం రాసి గుడ పట్టిచ్చిన. మొకం తిప్పుకుంటుండు."

"చేదు యాదికున్నది ముండకొడుక్కి. నీ లెక్కనే మొండి" అని నవ్వబోయి, వాడి మొహం చూసి ఆగిపోయింది.

మైసమ్మ కుప్ప వెనక్కి పోయి కూర్చొని, కొంగు తీసి, మళ్లీ ఒకసారి పట్టించింది. పెదవులు తగలగానే జంగడు కళ్లు తెరిచాడు. మెల్లగా మొహం తిప్పుకున్నాడు. అంత నీరసంలోనూ ఆ ఒక్కదానికి బలం ఎక్కడ దాచుకున్నాడో.

గిలాసతో నీళ్లు ముంచి, వేలితో వాడి పెదవులు తడిపి, తొట్టెలో పడుకోబెట్టింది. గిలాస తొట్టెకింద పెట్టింది.

"ఏందే, ముచ్చట్లు పెడుతున్నవా? చెయ్యి ఆడనియ్యి!" మేస్త్రీ కేకేశాడు.

సుత్తెల మోతలో మూలుగు వినబడలేదు. ఎప్పటినుంచి వినబడలేదో ఎవరికి తెలుసు? పొద్దు వాలాక, గాలికి ఊగుతున్న తొట్టెలోకి బీరమ్మ తొంగిచూసింది. చెయ్యి పెట్టి చూసింది.

"మైసమ్మా" అంది, "సుత్తె కింద పెట్టు బిడ్డా."

మైసమ్మ చేతిలోది కింద పెట్టలేదు. మడమకింద ఉన్న రాయిని పగలగొట్టింది. అప్పుడు లేచింది.

కొమ్మకున్న చీర విప్పి జంగణ్ని దాంట్లోనే చుట్టారు. మనుషులు పోయారు, మేస్త్రీ పోయాడు. తుమ్మ కింద సత్తు గిలాస ఉండిపోయింది. అడుగున మిగిలిన నీళ్లలో రాతిదుమ్ము పడి, నీళ్లు తెల్లగా అయ్యాయి.