రంగమునకు బోయి రాని యోడలు

వసంతాగమనమున మలయానిలము మందమందముగా వీచి మడయడవుల లేజిగుళ్లను గదల్చుచుండ రాత్రియెల్ల కోరంగిరేవు నావరించియున్న మంచుతెర యించుకించుకగా విచ్చుకొనుచుండ లంగరులు వేసి నిలిచిన యోడల కొయ్యస్తంభములు తెలతెలవారు నాకసమున నల్లని గీతలై పొడసూపుచుండ, రేయింబవళ్లు సమములగు విషువద్దినపు సూర్యుడు తూర్పుకడలి యంచున నుదయింప సిద్ధమగుచుండెను.

ఆ సమయమున వరలక్ష్మి యను నోడపై దిక్సూచిపెట్టె ముందర గూర్చుండి తదేకదృష్టితో తూర్పువంక జూచుచున్న యువకుని పేరు నూకరాజు. అతడా యోడకు గ్రొత్తగా సరంగైనవాడు, అనగా దానిని నడుపు నాయకుడు. పోటు వచ్చినతోడనే బర్మాదేశపు రేవుపట్టణమగు రంగమునకు బయలుదేరవలసియున్నది.

కొన్నియేండ్లుగా నా రేవునుండి రంగమునకు బోయిన యోడలు కొన్ని తుపానులేని దినములలోనే పలకముక్కయైన దరిజేరకుండ మాయమగుచుండెను. నూకరాజు నన్న తాతారావు నడపిన యోడయు నట్లే పోయెను. నడికడలిలో నొక రాక్షసి గలదనియు నది యోడల నెత్తుకొనిపోవుననియు రేవుజనులు చెప్పుకొనుచుండిరి. దానిని జూచినవా డొక్కడును లేడు గాని దాని కోఱలెంతేసి పొడవో చెప్పలేనివాడును లేడు. నూకరాజునకు మాత్ర మీ కథ గొంతు దిగలేదు. అన్నను మింగిన దేదో తెలిసికొననిదే యతనికి దిన్న కూడు వంటబట్టదు. కొండంత యల యొక్కటి హఠాత్తుగా లేచి యోడను ముంచెనా యనుకొనెను. ఒక్క యోడకైన నౌనుగాని యన్నింటికి నట్లేల జరుగును? బియ్యము నీట నాని యుబ్బి యోడపలకలను బగులదీసెనా యనుకొనెను; తాతారావు తీసికొనిపోయినవి బట్టల మూటలు. కడలియడుగున వాయువేదో పొంగి నీటి మోయుబలిమిని దగ్గించెనా యనుకొనెను. అది నిజమో కాదో తేల్చు వెరవు లేకపోయెను. కడపట నతని యనుమానము దిక్సూచిమీదికి బోయెను. విషువద్దినమున సూర్యుడు సరిగా దూర్పుననే పొడుచునని సిద్ధాంతి చెప్పగా విని యా యుదయమున సూదిని బరీక్షింప గూర్చుండెను.

సూర్యుడు పొడిచెను. నూకరాజు చేయి చాచి కొలువగా సూది చెప్పిన తూర్పునకును సూర్యుడు పొడిచిన తావునకును నాలుగువ్రేళ్ల యెడముండెను. తప్పుట సూర్యునికి జేతగాదు కావున దప్పినది సూదియే. అతడు పెట్టె నెత్తుకొని యోడ ముంగొనకు బోయి చూడగా నచ్చట సూదియు సూర్యుడు నేకమైరి. మరల దెచ్చి యెప్పుడు నది యుండు పీటపై బెట్టగా దప్పిరి. ఇంక దోసము పీటలో నుండవలెను. అతడు పీటను దలక్రిందులు చేసి యడుగుపలక నూడదీయగా బసుపుగుడ్డలో జుట్టిన కత్తిపీట కత్తి తునక యొకటి బయటపడెను. అది తమ యింటి కత్తియే యని మొనచెంతనున్న నొక్కును బట్టి యతడు గుర్తించెను.

అంతలో హారతిపళ్లెముతో నతని తల్లి పైడమ్మ చిన్నపడవలో వచ్చి యోడ యెక్కెను. కొడుకు చేతిలోని పసుపుగుడ్డను జూచినతోడనే యామె మొగము పాలిపోయెను.

“అయ్యో, తీసేసేవేంట్రా! తీయకూడదు, మగోళ్ళకి చెప్పనూ కూడదు. ఓడకి సూదే గదా ప్రాణం. బాలింతరాలి తలకింద ఇనుము పెట్టమూ? అలాగే ఆ రాక్షసి ముట్టుకోకుండా రేవులో ఆడోళ్ళం అందరం పెడతన్నాం.”

“అందరూనా?” అని నూకరాజు నిర్విణ్ణుడై యడిగెను.

తన తల్లి యొక్కతెయే పెట్టియుండినచో నా తునకను గడలిలో విసరి యేదో బొంకి యామెను నవ్వుచు నింటికి బంపియుండును. అందరమను నా యొక్కమాట యతనికా దారి మూసెను. రేవులో మరికొన్ని యోడలు ప్రయాణమునకు సిద్ధముగా నుండెను. చెప్పకున్న నవి పోవును. చెప్పిన దల్లి గుండె పగులును. అతడు పెట్టెను ముంగొనకు గొనిపోయి తల్లిని బిలిచి యినుపతునకను దాని దరికి దెచ్చెను. సూది గిఱ్ఱున బ్రక్కకు దిరిగెను. పైడమ్మ తునకను దన చేతికి దీసికొని దగ్గరకు దెచ్చి దూరముగా జరిపి మరల దెచ్చి చూచెను. సూది ప్రతిసారియు దిరిగెను.

“ఇక్కడ నాలుగు వేళ్ళు తప్పితే అక్కడ ఆమడలు తప్పుద్దమ్మా. రంగం అనుకుని రాళ్ళమీదకి పోద్ది ఓడ,” అని నూకరాజు గొంతు తగ్గించి చెప్పెను. “అన్నయ్య ఓడ ఇలాగే పోయిందని నేననట్లేదు.”

పైడమ్మ చేతిలోని తునకను దిరుగవేసి చూచెను.

“వాడి ఓడలో పెద్ద ముక్క పెట్టేనురా,” అనెను.

నూకరాజు చిన్నబిడ్డవలె నేడ్చెను. ఇన్నాళ్లు తాను వెదకిన కారణము దొరకినందులకు గాక యది దొరకిన చోటికై యేడ్చెను. తెలియక చేసితివని తల్లి చేతులు పట్టుకొని యోదార్పబోగా నామె చేతులు విడిపించుకొని హారతిపళ్లెము క్రింద బెట్టెను.

“తెలీకే పెట్టేను. ఇప్పుడు తెలిసింది గదా. మిగతావోళ్ళకి నువ్వు చెబితే కుర్రాడివి, రాక్షసిని వెక్కిరిస్తన్నావంటారు. నేను చెబితే వింటారు. కొడుకుని పోగొట్టుకున్నదాన్ని నేను. పడవ ఇటు తిప్పమను.”

పోటు వచ్చెను. దిక్సూచి చెంత నినుపరజనైన లేదని మరియొకమారు తడవి చూచుకొని నూకరాజు తెరచాప లెత్తించెను. ఓడ మెల్లమెల్లగా గదలి రేవు దాటుచుండ నతడు వెనుదిరిగి చూచెను. తెలిసికొనవలెనను కుతూహలము మనుజుని గడలి నడుమకైన గొనిపోవును గాని తెలిసినదానిని దన తప్పుగా బదుగురిలో జెప్పుటకు వేరొక గుండె కావలెను. ఒడ్డున బ్రక్కయోడ సరంగు వాకిట నాడువారు గుమిగూడియుండిరి. వారి నడుమ నిలిచి పైడమ్మ చేతులు త్రిప్పుచు నేదియో చెప్పుచుండెను. వినుచున్నవారిలో నొకతె నోట గొంగు క్రుక్కుకొని యోడలవైపు పరుగెత్తెను. పైడమ్మ కొడుకు పోవుచున్న యోడవంక జూడలేదు. కన్నులు తుడిచికొని తరువాతి వాకిటికి నడచుచుండెను.