పెన్సిల్‌తో గీసిన దారి

మా మామగారు పోయిన నలభయ్యో రోజు ఆదివారం పడింది. రెండు రోజుల ముందు, శుక్రవారం మధ్యాహ్నం, చర్చిలో ప్రార్థన అయ్యాక పెట్టే భోజనానికి బియ్యం ఏరుతూ మా ఆయన వారుజాన్‌కి ఫోన్ చేశాను.

"వారూ, బెద్రోస్ బాబాయి విమానం ఐదింటికి. గుర్తుందా?"

"ఉంది. దారి గీస్తున్నా. ఇంకో రెండు గంటలు పడుతుందేమో."

"రెండు గంటలంటే ఆయన వచ్చి నిలబడి ఉంటాడు. అంగారకుడు ఎక్కడికీ పోడు. మీ బాబాయే ఏదో ఒక టాక్సీ ఎక్కి ఎక్కడికో పోతాడు."

ఫోను స్పీకర్లో ఉన్నట్టుంది, అతని ఆఫీసు గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. వారుజాన్ కూడా నవ్వాడు. "సరే, బయల్దేరుతున్నా," అన్నాడు.

మా ఆయన పని అంగారకుడి మీద బండి నడపడం. బండి పేరు జూనిపర్. ఆరు చక్రాలు, ఎండతో నడుస్తుంది. ఇక్కడ కూర్చుని స్టీరింగ్ తిప్పడం ఉండదు. మర్నాడు ఏ రాయి పక్కనుంచి ఎంత దూరం వెళ్ళాలో రాసి పంపితే అక్కడ అది నడుస్తుంది. శుక్రవారమైతే మూడు రోజులకీ కలిపి ఒకేసారి పంపుతారు.

ఎంత దూరం వచ్చిందో తెలుసుకోవడానికి బండికి రెండు పద్ధతులున్నాయి. చక్రాలు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెట్టుకోవడం ఒకటి. కొంచెం కొంచెం నడిచి, ఆగి, ఫొటోలు తీసి, చుట్టూ ఉన్న రాళ్ళు నిజంగా వెనక్కి జరిగాయో లేదో చూసుకోవడం రెండోది. రెండోది నమ్మకమైనది, నిదానమైనది. బల్లపరుపు నేల మీద దాని అవసరం లేదనుకుంటారు.

ఆ శుక్రవారం జూనిపర్ ముందున్న నేల బల్లపరుపుగానే ఉంది. నలభై మీటర్లు, లేత రంగు, రాయన్నది లేదు. వారుజాన్ మొదటి పద్ధతి రాసి, కోటు తగిలించుకుని, ఐదుంపావుకి విమానాశ్రయంలో ఉన్నాడు. ఆదివారం నల్ల సూటు వేసుకుని తండ్రి పేరున కొవ్వొత్తి వెలిగించాడు. ముప్పై మంది భోంచేశారు. పిలాఫ్ అన్నం కొంచెం ముద్దయింది.

సోమవారం పొద్దున ఫొటోలొచ్చాయి. ఆ లేత రంగు నేల అంగుళం మందం పెంకు. దాని కింద పిండిలాంటి మెత్తటి ఉప్పు. పెంకు విరిగింది. చక్రాలు నలభై మీటర్ల చుట్లూ ఉన్నచోటే తిరిగి, నలభై మీటర్లు వచ్చేశామని లెక్క రాసుకుని, ఇరుసుల దాకా దిగబడి ఆగాయి.

అది ఏప్రిల్. అక్టోబరుకి అక్కడ చలికాలం ముదురుతుంది. ఈలోపు బండిని బయటికి లాగి, ఉత్తరపు వాలు మీద ఎండకి ఎదురుగా నిలబెట్టాలి. లేకపోతే రాత్రుళ్ళు తనని తాను వెచ్చగా ఉంచుకోలేదు. చలికి లోపలి తీగలు తెగుతాయి. ఒకసారి తెగితే అంతే.

ల్యాబ్‌లో ఒక గదినిండా మట్టి పోశారు. ఈతకొలనుల నీళ్ళు వడగట్టే తెల్లపొడీ, కుండలు చేసే మట్టీ కలిపి, జూనిపర్ లాంటిదే మరో బండిని అందులో కూరుకుపోయేలా చేసి, ఎలా లాగాలో రోజంతా చూసేవాళ్ళు. ఆ పొడి మా వాషింగ్ మెషీన్ జాలీలో పేరుకునేది. నేను వేలితో తీసి పారేస్తుండేదాన్ని. కడిగితే పోయేది కాదు.

వేసవిలో ఒక ఆదివారం కోరిన్ భోజనానికొచ్చింది. వారుజాన్‌తో పనిచేసే భూగర్భ శాస్త్రవేత్త ఆమె. మనిషి మంచిది, నోరు ఆగదు.

"సేతా, మీ ఆయన తవ్విన గొయ్యి ఉంది చూడు, నా పాతికేళ్ళ ఉద్యోగంలో అంత మంచి గొయ్యి చూడలేదు. ఆ ఉప్పంతా ఒకప్పటి వేడినీటి బుగ్గల్లోంచి వచ్చింది. చక్కగా పక్కనుంచి వెళ్ళిపోయి ఉంటే మాకు తెలిసేదే కాదు."

"అయితే పండగ చేసుకోండి," అన్నాడు వారుజాన్.

"చేసుకుంటున్నాం. నువ్వే రావడం లేదు."

అతను లేచి వెళ్ళి చెత్తబుట్ట ఖాళీ చేసొచ్చాడు. అదింకా సగం కూడా నిండలేదు.

మా అత్తగారు అజ్నివ్‌కి కాఫీ కప్పులో జాతకం చూడడం అలవాటు. తాగిన కప్పు సాసర్లో బోర్లించి, ఆరాక ఎత్తి, మడ్డి కారిన గీతలు చూసి చెబుతుంది. ఆ ఆరునెలలూ కొడుకు కప్పులో రోజూ ఒకటే కనపడేది.

"దారుంది, బాబూ. ఇదిగో, ఇటు తిరిగి ఇలా పైకి."

"ఎన్ని మీటర్లుందమ్మా?"

"వెటకారం చాలు. ఉందంటే ఉంది."

నాకూ ఒక దారి కనపడింది, కప్పులో కాదు. మే నెలలో నల్ల సూటు డ్రైక్లీనింగుకి ఇవ్వబోతూ జేబులు తడిమితే నాలుగు మడతల కాగితం దొరికింది. ఆ లేత నేల ఫొటో. దాని మీద పెన్సిల్‌తో, ఎడమవైపు నల్లరాళ్ళ మీదుగా చుట్టుతిరిగి వెళ్ళే గీత. గీత పక్కన అతని పొందికైన అక్షరాల్లో: ఆగి చూసుకుంటూ వెళ్ళాలి, రాయడానికి రెండు గంటలు. కిందన ఆ శుక్రవారం తేదీ.

నా మాట ఒక్కటే గుర్తొచ్చింది. అంగారకుడు ఎక్కడికీ పోడు.

కాగితం పప్పుల డబ్బా వెనకాల పెట్టాను. చూపించలేదు. బండి బయటికొస్తే చూపిద్దామనుకున్నాను.

ఆగస్టు చివరికి చక్రాలు నాలుగు వందల మీటర్ల చుట్లు తిరిగాయి. బండి జరిగింది పద్నాలుగు సెంటీమీటర్లు. సెప్టెంబర్లో కుడివైపు వెనక చక్రం ఆగిపోయింది. అక్టోబరు పదకొండు తర్వాత జూనిపర్ పలకలేదు. ఆరు వారాలు పిలిచారు. నవంబరు చివర ఇక పిలవడం ఆపుతున్నామని సమావేశం పెట్టారు.

"నల్ల సూటు తియ్యి," అన్నాడు వారుజాన్.

డబ్బా వెనక కాగితం తీసి, దొరికిన జేబులోనే పెట్టి ఇచ్చాను. ఇంకా దాచుకోవడం నా వల్ల కాలేదు.

సాయంత్రం వచ్చి సూటు విప్పకుండానే బల్ల దగ్గర కూర్చున్నాడు. అత్తగారు కాఫీ పెట్టింది. తాగి, కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"ఎప్పుడు చూశావు?"

"మేలో."

"ఆరు నెలలు."

"నువ్వూ చెప్పలేదుగా."

"బండి దిగబడ్డాక విచారణలో అడిగారు, వేరే దారి ఏమైనా చూశావా అని. చూడలేదన్నాను."

"నాన్న నలభయ్యో రోజు, ఇంట్లోంచి ఫోనొచ్చింది అంటే సరిపోయేది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు."

"అందుకే చెప్పలేదు."

"నేను ఫోన్ చెయ్యకపోతే..."

"సేతా, వద్దు."

నేను వేలు ఆ పెన్సిల్ గీత మీద పెట్టాను. ఆరు నెలలుగా అడగాలనుకున్నది ఇదొక్కటే. అక్కడా పెంకే ఉండేదని, అటైనా దిగబడేదని అతని నోట వినాలనుంది.

"ఇక్కడ కింద ఏముంది?"

"రాయి."

"ఎంతవరకు?"

"చివరిదాకా. వేసవిలోనే కోరిన్ వాళ్ళు తేల్చారు. నల్ల లావా రాయి, రోడ్డులా ఉంటుంది." కాగితం మళ్ళీ పాత మడతల మీదే మడిచాడు. "వెళ్ళిపోయేది."

అత్తగారికి మా మాటలు ఎంతవరకు అర్థమయ్యాయో తెలియదు. కొడుకు ముందున్న కప్పు అందుకుంది. బోర్లించలేదు. లోపలికి ఒకసారి చూసి, సింకులో పెట్టి కుళాయి తిప్పింది.